పార్సిల్‌కు పంపేటప్పుడు గిన్నె ఇవ్వండి

మా హోసూరులో ఉదయం బడికి వచ్చే పిల్లల్లో కొందరి చేతుల్లో హోటల్ పార్సిల్ కనిపిస్తుంది. ఇడ్లీలు పొట్లంలో, పొగలు కక్కే సాంబారు పల్చని ప్లాస్టిక్ కవర్లో. తమిళనాడులో 2019 జనవరి 1 నుంచి ఇలాంటి కవర్లు, ప్లాస్టిక్ పూత ఉన్న టీ కప్పులు, స్ట్రాలు నిషేధం. నిషేధం వచ్చి ఏళ్లయినా సాంబారు ఇంకా కవర్లోనే ఉంది.

తప్పంతా హోటల్ యజమానిదే అనలేం. గిన్నె తీసుకెళ్లడం మానేసింది మనమే. అయినా అలవాటు మార్చగల చోటు హోటలే. క్యారియర్ తెచ్చినవారికి రెండు రూపాయలు తగ్గించవచ్చు. కవరు ఖర్చు ఎలాగూ మిగులుతుంది. అరప్లేటు అన్నం కూడా అమ్మితే పారబోత తగ్గుతుంది. అరిటాకు పశువుల మేతకో ఎరువుకో పోతుంది. ప్లాస్టిక్ షీటు కాలువకు అడ్డం పడుతుంది.

ఇందులో మన బడికీ పనుంది. ఆమధ్య ఏడో తరగతిలో 'విస్తరి' అంటే ఏమిటని అడిగితే ఇద్దరే చెప్పారు. వస్తువు పోతే మాటా పోతుంది. 'గిన్నె తెచ్చుకోండి', 'తినగలిగినంతే పెట్టించుకోండి' అని పిల్లలచేత తెలుగులోనూ తమిళంలోనూ అట్టల మీద రాయించి, వీధిలోని హోటళ్లకు ఇద్దాం. ఊళ్లో తెలుగు అక్షరం కనబడుతుంది. తాము నేర్చిన భాషకు బడి బయటా పనుందని పిల్లలకు తెలుస్తుంది.

తల్లిదండ్రులకు ఒకటే మనవి. రేపు పార్సిల్‌కు పంపేటప్పుడు పిల్లల చేతికి గిన్నె ఇవ్వండి. మేం నల్లబల్ల మీద రాసే పాఠం కంటే అదే గట్టిగా నిలుస్తుంది.