“అన్నీ ఒక జాతి మందులే కదా!”

రక్తపుపోటుకు, హృదయశూలకు వాడే కాల్షియం ఛానల్ నిరోధకముల గురించి “అన్నీ ఒక జాతి మందులే కదా, ఏదైతే ఏమి?” అనే మాటను సర్కారు ఆసుపత్రులలో పనిచేసినంత కాలము విన్నాను. ఇప్పటికీ వింటున్నాను. అది తప్పు మాట, కొందరి ప్రాణములకు ముప్పు తెచ్చే మాట.

వీటిలో రెండు తెగలు ఉన్నాయి. ఆమ్లోడిపిన్, నిఫెడిపిన్, సిల్నిడిపిన్ ముఖ్యముగా రక్తనాళముల మీద పనిచేస్తాయి. వెరాపమిల్, డిల్టియాజెమ్ గుండె వేగమును, సంకోచశక్తిని కూడా తగ్గిస్తాయి. హృదయశూలకు మెటోప్రొలాల్ వాడుతున్న వారికి ఆమ్లోడిపిన్ జతచేయవచ్చు. దాని బదులు వెరాపమిల్ జతచేస్తే నాడి ప్రమాదకరముగా మందగించవచ్చు. గుండె బలహీనపడి ఎజెక్షన్ ఫ్రాక్షన్ తగ్గిన వారికి వెరాపమిల్, డిల్టియాజెమ్ ఇవ్వరాదు. ఏదైతే ఏమి అనేవారు దీనికి ఏమి సమాధానము చెబుతారు?

ఇక చీలమండల వాపు సంగతి. ఆమ్లోడిపిన్ వలన సూక్ష్మధమనులు వ్యాకోచిస్తాయి, సిరలు అంతగా వ్యాకోచించవు. అందువలన కేశనాళికలలో పీడనము పెరిగి ద్రవము కణజాలములోనికి ఊరుతుంది. మోతాదు 5 నుంచి 10 మిల్లీగ్రాములకు పెంచినప్పుడు ఇది మరీ ఎక్కువ. ఇది ఒంట్లో నీరు పెరిగి వచ్చే వాపు కాదు. అయినా వాపు కనిపించగానే ఫ్యూరోసెమైడ్ వ్రాసే అలవాటు మా వృత్తిలో పాతుకుపోయింది. తొలి సంవత్సరములలో నేనూ వ్రాశాను. ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉన్నది. వాపు అంతగా తగ్గదు, పొటాషియం మాత్రము తగ్గుతుంది, దానికి ఇంకొక మందు! గుండె, మూత్రపిండములు, కాలేయము బాగున్నాయని చూసుకొని మోతాదు తగ్గించాలి, లేక టెల్మిసార్టాన్ వంటిది చేర్చాలి, లేక సిల్నిడిపిన్‌కు మార్చాలి.

అలాగని ఆమ్లోడిపిన్ పాతబడిపోయిందని, అందరికీ సిల్నిడిపినే మేలని చెప్పడమూ నాకు సమ్మతము కాదు. దానితో వాపు తక్కువే. కాని 2002లో వెలువడిన ఆల్‌హాట్ పరిశోధనలో ముప్పై మూడు వేల పైచిలుకు రోగులలో ఇతర మందులతో పోల్చి ఆమ్లోడిపిన్‌ను పరీక్షించారు. గుండెపోటు నివారణలో అది క్లోర్థాలిడోన్‌కు తీసిపోలేదు, గుండె వైఫల్యము విషయములో మాత్రము వెనుకబడింది. సిల్నిడిపిన్‌కు అంతటి పరీక్ష జరగలేదు. వాపు లేని మనిషి ఎక్కువ డబ్బు ఎందుకు పెట్టాలి?

మందుల షాపులో “ఇదీ అదే” అంటూ వేరే అట్ట ఇస్తే బ్రాండు పేరు కాక దాని మీద ఉన్న అసలు పేరు చదవండి. అది మీ చీటీలోని పేరు కాకపోతే తీసుకోకండి. వాపు వచ్చిందని మీ అంతట మీరు మందు మానకండి, కాళ్ళు మీ వైద్యునికి చూపించండి.