పది బాదం గింజల లెక్క

పోయిన నెల నుంచి ఒకే మాట చాలామంది అడగతా ఉండారు. "బాదం తింటే పిల్లలకు బుద్ధి పెరుగుతుందంట గదా, రక్తం పడుతుందంట గదా, ఎన్ని పెట్టాల?" అని. మన లైనిళ్లలోనే ఒక తల్లి పిల్లకు గుడ్డు మానిపించి, ఆ డబ్బుతో అంగడిలో అప్పు రాయించుకుని బాదం తెస్తా ఉంది. అందుకే ఈ నెల బాదం గురించి రాస్తున్నాను.

బాదం మంచిదే. అందులో కొవ్వు సగం ఉన్నా, అది గుండెకు మేలు చేసే రకం. పీచు బాగా ఉంటుంది, విటమిన్ ఇ కూడా చాలా ఎక్కువ. చక్కెర జబ్బు ఉన్నవాళ్లు, కొలెస్ట్రాల్ ఎక్కువున్నవాళ్లు తింటే మేలే. అయితే దానికి ఒక షరతు. నైట్ షిఫ్టులో టీతో తినే బోండా, బిస్కెట్ మాని, వాటి బదులు బాదం తినాల. బోండా తిని, దాని పైన బాదం కూడా తింటే ఒళ్లు పెరగడమే మిగిలేది.

ఇక లెక్క చూద్దాం. మిల్లులో నూలు చేత్తో పట్టుకుని చూసి కౌంటు చెప్పం, తూచి చెబుతాం. దీన్నీ అట్లే తూచాల. పది బాదం గింజలు సుమారు 12 గ్రాములు. అందులో మాంసకృత్తులు రెండున్నర గ్రాములు. ఒక కోడిగుడ్డులో 6 గ్రాములు. ఆ తల్లి ఏది ఇచ్చి ఏది తెచ్చుకుందో మీరే చూడండి.

రక్తం సంగతి ఇంకా ముఖ్యం. స్పిన్నింగులో పనిచేసే మన ఆడపిల్లల్లో ఎందరో రక్తం తక్కువై కళ్లు తిరిగి కూలబడతారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం ఆడవాళ్లకు రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాల. పది బాదం గింజల్లో ఉండేది అర మిల్లీగ్రాము. బాదం తింటున్నాం గదా అని ఆస్పత్రిలో ఇచ్చిన ఇనుము మాత్రలు మానెయ్యొద్దమ్మా. మునగాకు వండుకోండి, అన్నంలో నిమ్మకాయ పిండుకోండి, పులుపుంటే ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటు మాత్రం మానండి, అది ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. మిల్లులో ఈ అలవాటు అందరికీ ఉంది, నాకు తెలుసు.

బుద్ధి సంగతంటారా, ఏ గింజా తినగానే లెక్కలు రావు. కడుపు నిండా తిని, నిద్రపోయి బడికి పోయే పిల్లకు తెలివి దానంతట అదే పనిచేస్తుంది.

మన జిల్లాలో వానను నమ్ముకుని పండించే శెనక్కాయను చూడండి. 100 గ్రాముల పప్పులో మాంసకృత్తులు 24, 25 గ్రాములు. బాదంలో 20 అటూఇటూ. కిలో బాదం కొనే డబ్బుకు శెనక్కాయ పప్పులు ఐదారు కిలోలు వస్తాయి. విటమిన్ ఇ, పీచు, కాల్షియంలో బాదందే పైచేయి, అది ఒప్పుకోవాల. కానీ కాల్షియంకు మన రాగులున్నాయి. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైనే, బాదంలో 230 నుంచి 270. 2023లో మన ధర్మపురిలో, నీలగిరి జిల్లాలో రేషన్ అంగడిలో బియ్యంలో కొంత తగ్గించి దాని బదులు 2 కిలోల రాగులు ఇవ్వడం మొదలుపెట్టారు. అవి తెచ్చి కోళ్లకు వేసేవాళ్లను నేను చూశాను. కోళ్లు బాగున్నాయి.

డబ్బు ఉన్నవాళ్లు బాదం తినండి, నేను వద్దనను. రాత్రి నానబెడితే నమలడానికి సులువు, అంతే. పొట్టు తీసి పారెయ్యక్కరలేదు, అందులోనూ పీచు ఉంది. పళ్లు లేని పెద్దవాళ్లకు నూరి రాగి గంజిలో కలపండి. అంగట్లో పొట్లాల్లో అమ్మే బాదంపాల పొడి కొనేముందు వెనక రాసింది పిల్లలతో చదివించండి. ఏది ఎక్కువుంటే దాని పేరు ముందు వేస్తారు. చాలావాటిలో ముందు చక్కెరే ఉంటుంది. ఇంకొకటి, మన వీధుల్లో నీడకు నాటే బాదం చెట్టు వేరు, అంగట్లో కొనే బాదం వేరు. మనకొచ్చేది ఎక్కువగా అమెరికాలోని కాలిఫోర్నియా నుంచి. ధర ఊరికే ఉంటుందా మరి?

ఐదేళ్లలోపు పిల్లలకు బాదమైనా శెనక్కాయైనా గింజగా ఇవ్వొద్దు, గొంతులో అడ్డం పడుతుంది. పొడి చేసి ఇవ్వండి. తిన్నాక ఒంటిమీద దద్దుర్లు లేచినా, పెదాలు వాచినా వెంటనే ఆస్పత్రికి తీసుకుపొండి. చేదుగా ఉన్న బాదం ఉమ్మెయ్యండి, అందులో విషం ఉంటుంది. శెనక్కాయల్లో బూజు పట్టినవి, నల్లబడినవి, ముడుచుకుపోయినవి ఏరి పారెయ్యండి. ఆ బూజు కాలేయాన్ని పాడుచేస్తుంది, వేయించినా పోదు. వానాకాలంలో మూట నేలమీద పెట్టకుండా పలకమీద పెట్టుకోండి.