ప్రార్థనలో చీవాట్లు వద్దు

రాత్రి ఇంటిల్లిపాదీ కూర్చుని ఒక కీర్తన పాడుకుని, వాక్యం చదువుకుని, ప్రార్థన చేసుకోవడం మన క్రైస్తవ కుటుంబాల్లో మంచి అలవాటు. అయినా కొన్ని ఇళ్లల్లో పిల్లలు సరిగ్గా ఆ టైముకే ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకుంటారు. ఎందుకని?

'ప్రభువా, వీడి ఫోన్ పిచ్చి వదిలించు, చదువు మీద శ్రద్ధ దయచేయి' అంటూ నాన్న కళ్లు మూసుకుని మొదలుపెడతాడు. మాట దేవుడితో, దెబ్బ పిల్లాడికి. అత్తగారు ప్రార్థిస్తే కోడలికి, భార్య ప్రార్థిస్తే భర్తకి తగులుతుంది. ఎదురు చెప్పడానికీ లేదు, అది ప్రార్థన కదా!

అపొస్తలుడైన పౌలు కొలస్సయులకు రాసిన పత్రికలో, తల్లిదండ్రుల మాట వినమని పిల్లలకు చెప్పి ఊరుకోలేదు. వెంటనే తండ్రుల వైపు తిరిగి, పిల్లలు కుంగిపోయేలా వాళ్లను విసిగించొద్దన్నాడు (3:20, 21). ఆ పత్రిక సంఘంలో అందరి ముందూ చదవడానికి రాసింది. అంటే పిల్లలు వింటుండగానే తండ్రులకు ఆ హెచ్చరిక! తప్పు దిద్దే హక్కు పెద్దలకుంది, మనసు విరిచే హక్కు లేదు.

ఈ రాత్రి ఒక పని చేసి చూడండి. ఇంట్లో ఒక్కొక్కరి పేరూ ఎత్తి, వాళ్ల గురించి ఒక్క మంచి మాట చెప్పి దేవునికి స్తోత్రం చెల్లించండి. చెల్లెలికి లెక్కలు చెప్పాడనో, నానమ్మకు మందులు గుర్తుచేసి ఇచ్చిందనో చాలు. మందలించాల్సింది ఉంటే ప్రార్థన అయ్యాక పక్కన కూర్చోబెట్టుకుని మెల్లగా చెప్పండి.

తన పేరు ప్రేమగా వినబడే చోటికి పిల్లలు పిలవకుండానే వస్తారు.