పంపు స్టవ్వులో తోలు బిళ్ళ

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని హాస్టల్ తమ్ముళ్ళు అడిగారు. చదువు గురించో, క్రమశిక్షణ గురించో రాస్తాననుకుని ఉంటారు. అవి చెప్పడానికి వేదిక మీద పెద్దలు చాలామంది ఉన్నారు. నేను ఒక పాత స్టవ్వు గురించి రాస్తాను.

ఎర్రగడ్డ ఆదివారం సంతలో తుప్పు పట్టిన రేకు డబ్బా ఒకటి కంటబడింది. మూత తీస్తే లోపల విడివిడి భాగాలుగా చిన్న ఇత్తడి కిరోసిన్ స్టవ్వు. గోటితో గీకితే 'ప్రైమస్', 'స్టాక్‌హోమ్', '96' అన్న అక్షరాలు బయటపడ్డాయి. పాత సామాన్ల అతను ఇత్తడి తూకానికి ధర చెప్పాడు. నేను బేరమాడలేదు. ఆడితే అది ఎంత అరుదైనదో అతనికి తెలిసిపోతుందని భయం!

మన ఇళ్ళలో గాలి కొట్టి వెలిగించుకున్న పంపు స్టవ్వులన్నిటికీ మూలం ఈ ప్రైమస్సే. స్వీడన్ దేశస్థుడు లిండ్‌క్విస్ట్ 1892లో దీన్ని రూపొందించాడు. ఇందులో ఒత్తి ఉండదు. టాంకులో గాలి కొడితే నూనె పైకెక్కి, కాలిన గొట్టంలో ఆవిరై, సన్నని రంధ్రం గుండా చిమ్మి నీలిమంటగా మండుతుంది. 96 నంబరుది ప్రయాణాల్లో వెంట తీసుకుపోయే చిన్న రకం. దక్షిణ ధ్రువానికి 1911లో అముండ్‌సెన్ బృందం వెంట ప్రైమస్ స్టవ్వులే వెళ్ళాయి. 1953 మే 29 ఉదయం ఎవరెస్టు మీద చివరి గుడారంలో హిల్లరీ బూట్లు గడ్డకట్టుకుపోతే, స్టవ్వు మంట మీద మెత్తబరుచుకుని టెన్జింగ్‌తో కలిసి శిఖరమెక్కాడు. 2014 మే 25న అదే శిఖరం మీద మన సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు పూర్ణ, ఆనంద్ నిలబడిన సంగతి మీకు వేరే చెప్పనక్కర లేదు.

స్టవ్వుకు మిషన్ పాలిష్ పట్టించి షోకేసులో పెట్టమన్నాడు ఒక మిత్రుడు. నేను ఒప్పుకోలేదు. పాలిష్‌తో ఆ అక్షరాలు అరిగిపోతాయి. అయినా వెలగని స్టవ్వుకూ ఇత్తడి చెంబుకూ తేడా ఏముంది? చింతపండుతో తోమి, రంధ్రంలో పిన్ను పెట్టి శుభ్రం చేశాను. తీరా పంపు కొడితే గాలి పట్టదు. కడ్డీ చివరి వాషరు ఎండి పొడిపొడిగా రాలింది. కొట్లలో అడిగితే రబ్బరు వాషర్లు చూపించారు. ఒక్కటీ సరిపోలేదు.

ఊరికి తీసుకుపోయి నాయినకు చూపించాను. "ఇది రబ్బరు కాదురా, తోలు బిళ్ళ. చిప్ప లెక్క వంగాలె" అన్నాడు. మా తాత మోట బొక్కెనలు కుట్టినవాడు, నాయిన చెప్పులు కుట్టినవాడు. తోలు ముక్కను గుండ్రంగా కోసి, నీళ్ళలో నానబెట్టి, చెక్కకు తొలిచిన గుంటలో అదిమి రెండు రోజులు ఆరనిచ్చాడు. తర్వాత ఆముదం పట్టించాడు. చిప్ప మూతి కిందికి ఉండేలా బిగించాడు. గాలి ఒత్తిడి పెరిగేకొద్దీ తోలు అంచు గొట్టానికి మరింత అతుక్కుంటుంది, గాలి వెనక్కి రాదు. ఈ పాఠం నేను భౌతికశాస్త్రంలో బట్టీ పట్టి మార్కులు తెచ్చుకున్నదే.

హాస్టల్ దరఖాస్తులో 'తండ్రి వృత్తి' అన్న గడిలో నేను 'కూలి' అని రాశాను. చెప్పుల పని అని రాయడానికి సిగ్గుపడ్డాను. నాలాగా రాసినవాళ్ళు మన హాస్టల్లో ఎందరో నాకు తెలుసు. మళ్ళీ లంద దగ్గరికి పొమ్మని నేను చెప్పడం లేదు. ఆ వాసనలో, ఊరి చివర ఇంట్లో గొప్పతనమేమీ లేదు. ఆ బతుకు వదిలించుకోవడానికే మనం చదివాం. కానీ బతుకుతో పాటు అందులోని తెలివినీ పారేసుకుంటున్నాం. దరఖాస్తు గడిలో అబద్ధం రాయొద్దు తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ. సెలవులకు వెళ్ళినప్పుడు అమ్మానాన్నల పని పక్కన కూర్చుని చూడండి, అడిగి రాసుకోండి. వచ్చే సంచికలో నాలాంటి పాతవాళ్ళ వ్యాసాలు తగ్గించి వాటికి నాలుగు పేజీలివ్వమని సంపాదకులకు నా మనవి.

వెలిగించే ముందు టాంకుకు గాలి కొట్టి బకెట్ నీళ్ళలో ముంచి చూశాం. బుడగ రాలేదు. (వస్తే వెలిగించకూడదు. పెట్రోలు ఎప్పుడూ పోయకూడదు.) వాకిట్లో పెట్టి, బర్నరు కింది గిన్నెలో స్పిరిట్ పోసి అంటించాం. గొట్టం కాలాక పంపు కొడితే ముందు పచ్చమంట ఎగసింది. కాసేపటికి బుస్సుమని నీలిమంట నిలబడింది. నాయిన బీడీ తీసి, "చాయ్ పెట్టు మరి" అన్నాడు.