స్నాతకోత్తరం ఎవరి చదువు?



పద్యము, ఛందస్సు, వ్యాకరణము అంటూ వ్రాసుకొనే నేను ఇంజనీరింగు చదువులను గూర్చి వ్రాయబూనడం మీకు వింతగా తోచవచ్చు. నాకూ వింతగానే ఉన్నది. కాని పల్లెటూళ్ళో పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుని అరుగు మీదికి రాని సమస్య ఉండదు. అర్జీ వ్రాయించుకొనేవారు, ముహూర్తం అడిగేవారు, పిల్లల చదువులను గూర్చి సలహా కోరేవారు అందరూ అక్కడికే వస్తారు.

కార్తీకమాసంలో ఒక సాయంత్రం, పట్టిసం కొండ మీది వీరభద్రుని దర్శించుకొన్న భక్తులతో చివరి పడవ రేవుకు చేరుతున్న వేళ, మా ఊరి రైతు ఒకాయన చేతిలో సంచితో వచ్చాడు. సంచిలో పట్టాదారు పాసుపుస్తకము, ఆంగ్లంలో ఉన్న కొన్ని కాగితాలు ఉన్నాయి.

"మేష్టారూ, అబ్బాయి ఉద్యోగం మానేసి అమెరికా వెళ్తానంటున్నాడండి. బ్యాంకువాళ్ళు నలభై లక్షలు ఇస్తామన్నారు గానీ పొలం తనఖా పెట్టమంటున్నారు. వాడికి అక్షరాలు దిద్దించింది మీరే కదండీ, మీరొక మాట చెప్పండి."

"ఏమి చదువుతాడయ్యా?" అని అడిగాను.

"ఎమ్మెస్సండి."

"దేనిలో?"

ఆయన కాసేపు ఆలోచించి, "అమెరికాలోనండి" అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. ఆ పొలం రెండెకరాల మాగాణి. ఆ ఇంటికి అంతకు మించి ఆస్తి లేదు. కాగితాలు నా వద్ద ఉంచి వెళ్ళమని, వారం రోజులు గడువు అడిగాను. ఆ వారంలో తెలిసినవారిని అడిగి, అంతర్జాలంలో చదివి నేను గ్రహించినదీ, నాకు తోచినదీ మీ ముందు ఉంచుతున్నాను.

ముందుగా నాకు తెలిసిన విద్యతోనే మొదలుపెడతాను. పోస్టుగ్రాడ్యుయేషనుకు మనవారు స్నాతకోత్తర విద్య అని పేరు పెట్టారు. గురుకులంలో చదువు ముగించిన బ్రహ్మచారి చేసే స్నానకర్మను బట్టి స్నాతకుడు అనే మాట పుట్టింది. నేటికీ మన పెళ్ళిళ్ళలో వివాహానికి ముందు స్నాతకం జరిపిస్తారు. అంటే స్నాతకుడు గురువు వద్ద సెలవు పుచ్చుకొని లోకంలోకి అడుగుపెట్టినవాడు, గృహస్థు కాబోతున్నవాడు. ఆ లెక్కన స్నాతకోత్తరమైన చదువు తన కాళ్ళ మీద తాను నిలబడినవాడి చదువు. తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లిలో గురువు ఇంటికి వెళ్ళిపోతున్న శిష్యునికి చేసే ఉపదేశం కూడా ఇదే. చదువు ముగిసినా స్వాధ్యాయాన్ని విడువవద్దని ఆయన చెబుతాడు. ఈ పేరు పెట్టినవారు ఇంత ఆలోచించి ఉండకపోవచ్చు. అయినా ఆ మాటలో ఉన్న అర్థం నాకు న్యాయంగా తోచింది. మన ఇళ్ళలో ఎంటెక్కును, ఎమ్మెస్సును బీటెక్కుకు ఐదవ, ఆరవ సంవత్సరాలుగా చూస్తున్నారు. అక్కడే పొరపాటు జరుగుతున్నదని నా అభిప్రాయం.

నా సంగతి చెబుతాను. భాషాప్రవీణ, తెలుగు పండిత శిక్షణ ముగించుకొని బడిలో చేరిన కొత్తలో తొమ్మిదవ తరగతి పిల్లవాడొకడు లేచి, "మాస్టారూ, బండి ఱ, మామూలు ర ఒకేలాగ పలుకుతున్నాం కదండీ, మరి రెండెందుకు?" అని అడిగాడు. వ్యాకరణ సూత్రం చెప్పి కూర్చోబెట్టాను. వాడు కూర్చున్నాడు గాని ప్రశ్న నాలో నిలబడే ఉన్నది. కొన్నేళ్ళకు ఉద్యోగం చేస్తూనే ఆంధ్ర విశ్వవిద్యాలయం దూరవిద్య ద్వారా ఎం.ఏ. చదివినప్పుడు, ద్రావిడ భాషల తులనాత్మక అధ్యయనంలో సమాధానం దొరికింది. ఒకప్పుడు అవి రెండు వేర్వేరు ధ్వనులు. కాలక్రమాన తెలుగులో కలిసిపోయాయి. తమిళ మలయాళాలలో నేటికీ వేర్వేరు అక్షరాలుగా నిలిచాయి. కరెంటు పోయిన రాత్రులలో లాంతరు ముందు ఆ పాఠాలు చదువుతుంటే విసుగన్నది ఎరుగను. కారణం నా తెలివి కాదు. ప్రశ్న నా పనిలో నుండి పుట్టింది గనుక, సమాధానం కూడా నా పనికే ఉపయోగపడింది.

ఇంజనీరింగు మాత్రం ఇందుకు భిన్నం ఎలా అవుతుంది? పనిలో ప్రశ్న పుట్టిన తరువాత చదివేవాడికి నేడు మార్గాలు తక్కువగా లేవు.

మొదటిది గేట్ పరీక్ష. బెంగళూరు ఐఐఎస్సీ, ఏడు ఐఐటీలు కలిసి నడిపే ఈ పరీక్ష మూడు గంటలు, 100 మార్కులు. బీటెక్ మూడవ సంవత్సరం నుండే వ్రాయవచ్చు. ఫలితం మూడేళ్ళు చెల్లుతుంది. అర్హత పొంది ఎంటెక్‌లో పూర్తికాలం చేరినవారికి నెలకు 12,400 రూపాయల ఉపకారవేతనం ఉన్నది. హైదరాబాదు ఐఐటీ 2008లోను, తిరుపతి ఐఐటీ 2015లోను వచ్చాయి. మనకు చేరువలోని తాడేపల్లిగూడెం ఎన్ఐటీ కూడా 2015లోనే మొదలైంది. 1946లో విశాఖపట్నంలో పుట్టి కాకినాడకు తరలివచ్చిన ఇంజనీరింగు కళాశాల 2008లో స్వతంత్ర విశ్వవిద్యాలయంగా మారిన జేఎన్‌టీయూ కాకినాడకు మూలం. రాష్ట్రంలోని ఎంటెక్ సీట్లకు గేట్ లేనివారు పీజీఈసెట్ వ్రాయవచ్చు. పొలం తాకట్టు పెట్టకుండా ఇంతవరకు వెళ్ళవచ్చునన్న సంగతి మా రైతుకు ఎవరూ చెప్పలేదు.

రెండవది ఉద్యోగం విడువకుండా చదివేది. బిట్స్ పిలానీ సంస్థ 1979 నుండి పనితో ముడిపెట్టిన చదువులు నడుపుతున్నది. నాలుగు సెమిస్టర్ల ఎంటెక్‌లో చివరి పరిశోధనాంశాన్ని అభ్యర్థి తన కార్యాలయంలోని పని నుండే తీసుకోవచ్చు. కాన్పూరు ఐఐటీ 2022లో ఈ-మాస్టర్స్ అనే పట్టాన్ని ప్రారంభించింది. దానికి గేట్ అక్కరలేదు. ఒకటి నుండి మూడేళ్ళలో తీరిక చూసుకొని పూర్తి చేయవచ్చు. అయితే దాని పేరు ఎంటెక్ కాదు. ప్రభుత్వోద్యోగానికో, కళాశాల అధ్యాపకత్వానికో పనికివస్తుందా అన్నది డబ్బు కట్టక ముందే విచారించుకోవాలి. అమెరికాలోని జార్జియా టెక్ వారు 2014 జనవరి నుండి కంప్యూటరు శాస్త్రంలో ఆన్‌లైన్ మాస్టర్స్ నడుపుతున్నారు. చదువు మొత్తానికి ఏడు వేల డాలర్ల ప్రాంతంలో అవుతుందని మొదటి నుండి చెబుతూ వచ్చారు. అమెరికా పట్టమే కావాలనుకొనేవాడికి అది పట్టిసీమలో కూర్చుని కూడా దొరుకుతుందన్న మాట.

ఇక్కడ ఒక హెచ్చరిక. నేను ఎం.ఏ. దూరవిద్యలో చదివాను గదా అని ఇంజనీరింగు కూడా అలాగే చదవవచ్చుననుకోరాదు. కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాలు అనుమతి లేకుండా దూరవిద్యలో ఇచ్చిన ఇంజనీరింగు పట్టాలు చెల్లవని సుప్రీంకోర్టు 2017 నవంబరులో తీర్పు చెప్పింది. ఏళ్ళ తరబడి ఉద్యోగాలు చేస్తున్నవారు కూడా చిక్కున పడ్డారు. ప్రయోగశాల లేని చదువు తెలుగుకు చాలవచ్చు, యంత్రానికి చాలదు. కరపత్రంలో ఎంత పెద్ద పేరు ఉన్నా యూజీసీ, ఏఐసీటీఈల అనుమతి చూసుకోకుండా చేరవద్దు.

ఇక విదేశం. విదేశీ విద్యకు నేను వ్యతిరేకిని కాను. కృష్ణా జిల్లాలో 1902లో జన్మించిన కానూరి లక్ష్మణరావు గారు మద్రాసు విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగులో స్నాతకోత్తర పట్టం పొందిన తొలి విద్యార్థి అని ప్రసిద్ధి. తరువాత ఇంగ్లండులోని బర్మింగ్‌హాం విశ్వవిద్యాలయంలో 1939లో డాక్టరేటు అందుకొన్నారు. ఆ విద్య నాగార్జునసాగరానికి పనికివచ్చింది. నేడు పులిచింతల జలాశయం ఆయన పేరునే ధరించి ఉన్నది. ఎక్కడ చదివారన్న దానికన్నా దేనికోసం చదివారన్నదే ఆయన విషయంలో మనం చూడవలసినది.

మా రైతు కుమారుని లెక్క వేరు. చదువు ముగిశాక అమెరికాలో పని అనుభవానికి పన్నెండు నెలలు, సాంకేతిక విద్యార్థులకు అదనంగా ఇరవైనాలుగు నెలలు అనుమతి ఉన్నది. ఆపైన హెచ్-1బి కావాలి. ఏటా 65,000, అక్కడ మాస్టర్స్ చదివినవారికి మరో 20,000 అన్నది చట్టం పెట్టిన పరిమితి. దరఖాస్తులు అంతకు మించినప్పుడు చదివిన ప్రతివారికీ అది దక్కదు. దేశం వెలుపలి నుండి కొత్తగా పిలిపించుకొనే ఉద్యోగులపై లక్ష డాలర్ల రుసుము విధిస్తూ 2025 సెప్టెంబరులో అక్కడి అధ్యక్షుని ప్రకటన వెలువడింది. అప్పటికే అక్కడ ఉన్న విద్యార్థులకు అది వర్తించదని తరువాత వివరణ ఇచ్చారు. కాని నియమాలు ఒక్క రాత్రిలో మారగలవని అందరికీ తెలిసివచ్చింది. జర్మనీలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో చాలావాటికి బోధనా రుసుము లేదు. అయినా జీవనవ్యయం కోసం ఏడాదికి 11,904 యూరోలు ముందుగా ఖాతాలో చూపాలని 2024లో నిర్ణయించారు. నియమాలు ఎప్పుడైనా మారవచ్చు, వడ్డీ మాత్రం నెలనెలా పెరుగుతూనే ఉంటుంది. రెండెకరాల మాగాణి మీద అంత అప్పు చేసేవాడికి ఈ తేడా ముందే తెలిసి ఉండాలి.

"ప్రశ్న పుట్టేదాకా ఆగమనడం కడుపు నిండినవారి మాట మాస్టారూ" అని మీలో కొందరు అనవచ్చు. ఆ మాటలో నిజం ఉన్నది. చిప్పుల రూపకల్పన వంటి కొన్ని రంగాలలో ఎంటెక్ లేనిదే గడప దాటనివ్వని సంస్థలు ఉన్నాయట. ఇంజనీరింగు కళాశాలలో అధ్యాపకుడు కావాలంటే ఎంటెక్ తప్పనిసరి. ఇంకొకటి, పైకి చెప్పుకోనిది. బీటెక్ కాగానే పెళ్ళి చేసేస్తామనే ఇళ్ళలో, దగ్గరి కళాశాలలోని ఎంటెక్ కొందరు ఆడపిల్లలకు రెండేళ్ళ ఊపిరి. అలాంటి బిడ్డను 'నీ ప్రశ్న ఏమిటమ్మా' అని నిలదీసే అర్హత నాకు లేదు. వీరందరికీ చదువుకు ఒక కారణం ఉన్నది. నేను భయపడేది ఏ కారణమూ లేకుండా, స్నేహితులు వెళ్ళారు గనుక వెళ్ళేవారిని గూర్చి. ఉద్యోగంలో విసుగు పుట్టడం వేరు, ప్రశ్న పుట్టడం వేరు. విసుగుకు నలభై లక్షల మందు వాడనవసరం లేదు.

వారం గడిచాక అబ్బాయి సెలవు మీద వచ్చాడు. అతనితో పాటు నా పాత విద్యార్థి మరొకణ్ణి కూడా పిలిపించాను. ఇతడు పాలిటెక్నిక్ చదివి, ఈసెట్ వ్రాసి బీటెక్ రెండవ సంవత్సరంలో చేరి, ఇప్పుడు గోదావరి గట్టున ఒక చిన్న ఎత్తిపోతల కేంద్రంలో పని చేస్తున్నాడు. వరదల కాలంలో ఎర్రనీటితో వచ్చే ఇసుక పంపు రెక్కలను అరగదీస్తుంది. అరిగినట్లు విప్పి చూస్తేగాని తెలియదు. విప్పాలంటే పంపు ఆపాలి, ఆపితే పొలాలకు నీరు ఆగుతుంది. 'ఆపకుండా, శబ్దాన్ని, కదలికను బట్టి అరుగుదలను కనిపెట్టలేమా?' అన్నది ఇతని ప్రశ్న. దానికోసమే ఉద్యోగం చేస్తూ, ఆదివారాలు పాఠాలు వింటూ ఎంటెక్ చదువుతున్నాడు. జీతంలో నుండి రుసుము కట్టుకొంటున్నాడు. అరుగు మీద కూర్చుని వారిద్దరూ గంటన్నర మాట్లాడుకొన్నారు. నాకు అర్థమైనది సగమే. అమెరికా అబ్బాయి మాత్రం ఒక్కసారి కూడా ఫోను తీయలేదు.

వెళ్ళేటప్పుడు అతణ్ణి అడిగాను, "నీ పనిలో నీకు తెలియనిది, తెలుసుకోవాలని నిద్ర పట్టనిది ఏదైనా ఉన్నదా బాబూ?"

అతడు తల వంచుకొని, "ఇంతవరకు ఆలోచించలేదండీ మాస్టారూ" అన్నాడు. నిజం చెప్పినందుకు సంతోషించాను. ఉద్యోగం మానకుండానే గేట్‌కు చదువుతానని, ఏడాది తరువాత కూడా అమెరికాయే కావాలనిపిస్తే ఏ విషయంలోనో, ఎందుకో తండ్రికి తెలుగులో వివరించి మరీ వెళ్తానని ఒప్పుకొన్నాడు. పాసుపుస్తకం మళ్ళీ ఆ సంచిలోనే ఇంటికి వెళ్ళింది. ఏడాది తరువాత ఏమవుతుందో చెప్పలేను. అతడు వెళ్ళినా తప్పు పట్టను. అప్పుడు తండ్రి చేసే సంతకం దేనిమీదో ఆయనకు తెలిసి ఉంటుంది, నాకు అది చాలు.

మీలో ఇంజనీర్లు, దేశాంతరాలలో ఉన్నవారు చాలామంది ఉన్నారు. ఉద్యోగం చేస్తూ చదివినవారు, అప్పు చేసి వెళ్ళినవారు మీ అనుభవాలను వ్యాఖ్యలలో తెలుపగలరు. నా లెక్కలలో పొరపాట్లు ఉంటే దిద్దండి. మా ఊరి రైతుకు నేను చదివి వినిపిస్తాను.

స్వస్తి.