క్రొత్త కంప్యూటరు ఆగిపోవుచున్నచో

భాగములు తెప్పించి యింటనే కూర్చిన కంప్యూటరు పిల్లల పాఠము నడుమ మాటిమాటికి నాగిపోవుచున్నదని కంగ్టిలో పొరుగు వనితలు కొందఱు మమ్మడుగుచున్నారు. క్రొత్త ప్రాసెసరునకు వేలరూపాయలు వ్యయింపకమున్ను కారణ మరయుడని మా మనవి.

ఇట్లాగుట తఱచు ఆత్మరక్షణమే. ప్రాసెసరు వేడిమి మితిమీరినచో, కాలిపోకుండ యంత్రము తనంత తానాగును. బయాసు తెరలో వేడిమి చకచక పెరుగుచున్నచో, ఫ్యాను తిరుగుచున్నదో లేదో చూచి, ప్లగ్గు తీసి, చల్లారిన పిదప కూలరును విప్పవలెను. దాని యడుగున ప్లాస్టికు పొర మిగిలెనేమో, మఱలు వదులైనవేమో పరికింపుడు. పాత పేస్టు తుడిచి, బఠాణీగింజంత క్రొత్తది యుంచి బిగింపుడు.

వేడిమి హెచ్చకయే యాగినచో పవరుసప్లయిని మార్చి చూడవలెను. ఆ పెట్టెను మాత్రము విప్పరాదు. ప్లగ్గు తీసినను లోపల విద్యుత్తు నిలిచియుండును.

ఈ రెండు పరీక్షల ఫలమును తెలిసికొనిన పిదపనే యంగడివానితో బేరమాడుడు.