మద్దెల ఓడైనప్పుడు

ఓడినవాడు ఏ కారణం చెప్పబోయినా "ఆడలేక మద్దెల ఓడన్నాట్ట" అని నోరు మూయించడం మనకు అలవాటు. మరి నిజంగానే మద్దెల ఓడైతే? ఆ ప్రశ్నకు నాకు జవాబు దొరికింది కారు పందాల చరిత్రలో.

1979లో ఇటలీ జట్టు ఫెరారీకి ఎదురులేదు. దక్షిణాఫ్రికా డ్రైవరు జోడీ షెక్టర్ ఫార్ములా వన్ ప్రపంచ ఛాంపియన్. కెనడాకు చెందిన సహచరుడు జిల్ విల్నవ్‌ది రెండో స్థానం. 1980లోనూ అదే జట్టు, అదే డ్రైవర్లు. కాని 14 పందాల్లో ఒక్క గెలుపూ లేదు. షెక్టర్‌కు దక్కినవి 2 పాయింట్లు. కెనడా పందెంలోనైతే పాల్గొనే అర్హతే దక్కలేదు! ఏడాది తిరిగేసరికి ఛాంపియన్ డ్రైవింగు మరిచిపోయాడంటారా?

కాదు. లోపం కారుది. లోటస్ జట్టు 1978లో ఒక కొత్త కిటుకుతో ఛాంపియన్ అయింది. కారుకు రెండు పక్కలా అడుగుభాగాన్ని తలకిందులైన విమానం రెక్కలా మలిచారు. కింద గాలి వేగం పెరిగి, పీడనం తగ్గి, కారు నేలకు అతుక్కుపోతుంది. మలుపుల్లో వేగం అంతగా తగ్గించనక్కర్లేదు. ఫెరారీ ఇంజనులో 12 సిలిండర్లు, పక్కకు ఆరేసి చొప్పున, పడుకోబెట్టినట్టుంటాయి. ఎత్తు తక్కువ గనుక కారుకు నిలకడ. 1975 నుంచి విజయాలు తెచ్చింది ఆ ఇంజనే. అయితే వెడల్పు ఎక్కువ. గాలి పోవలసిన దారికి అదే అడ్డం. 1980 నాటికి తక్కిన జట్లు ఆ కిటుకులో ఆరితేరాయి. నిన్న గెలిపించిన గుణమే నేడు గుదిబండ అయింది.

"అదే కారుతో విల్నవ్ 6 పాయింట్లు తెచ్చాడుగా?" అనవచ్చు. తెచ్చాడు. మనిషి పట్టుదలకు విలువ ఉంది. కాని ఆ పట్టుదల కూడా ఆ కారును గెలిపించలేకపోయింది.

ఫెరారీలో నాకు నచ్చింది ఒకటుంది. పాత కారుకు మాట్లు వేస్తూ కూర్చోలేదు. ఓడిపోతున్న ఆ ఏడాదే టర్బో ఇంజనుతో కొత్త కారు కట్టి, ఇమోలాలో సాధనకు దించింది. 1981లో విల్నవ్ దానితో రెండు పందాలు గెలిచాడు. 1982, 1983లలో జట్ల ఛాంపియన్‌షిప్ ఫెరారీదే. ఆ ఫలం షెక్టర్‌కు అందలేదు. 1980 చివరనే తప్పుకున్నాడు. విల్నవ్ 1982లో బెల్జియంలో ప్రమాదానికి బలయ్యాడు. చెడ్డ కాలం మోసినవాళ్లే మంచి కాలం చూస్తారన్న పూచీ లేదు.

మన మార్కుల జాబితా కూడా పాయింట్ల పట్టికే. సరైన పరికరాల్లేని ప్రయోగశాలలో చదివినవాడి మార్కులూ, అన్నీ అమరినవాడి మార్కులూ పక్కపక్కనే అచ్చవుతాయి. అధ్యాపకులకు నా మనవి: నర్తకుణ్ణి తిట్టేముందు మద్దెలను ఒకసారి తట్టి చూడండి. మిత్రులకు నా మాట: ఓడని తేలాక అక్కడే ఆగిపోవద్దు. ఈ ఏడే కొత్తది బిగించడం మొదలెట్టాలి. అది మన తరవాత వచ్చే తమ్ముళ్ల చేతుల్లో మోగినా సరే.